ఎర్రబుగ్గ మళ్లీ తిరగాలంటే: పాత లైట్‌బార్ల మరమ్మతు, విడిభాగాల వేట

(పాత వాహనాలు బాగుచేసుకునేవాళ్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరస దాకా వినిపిస్తోందా? తెర మీద హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి చూస్తున్నవాళ్లకి కూడా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మనవాళ్లు దీన్ని బుగ్గ అంటారు. ఎర్రబుగ్గ కారు, నీలిబుగ్గ కారు. మన దగ్గర ఆ బుగ్గ ఒక్కటే ఉండేది, అంబాసిడర్ కారు నెత్తిన బొట్టులాగా. ఇవాళ నేను మాట్లాడేది దాని అమెరికా అన్నయ్య గురించి. అక్కడి పోలీసు కార్ల మీద, అంబులెన్సుల మీద, ఫైరింజన్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా ఉండే పొడుగాటి లైట్‌బార్. ముఖ్యంగా 1970లు, 80ల నాటివి. ఇదిగో, టేబుల్ మీద ఒకటి విప్పి పెట్టాను. మాటలయ్యాక దగ్గరికొచ్చి చూద్దురుగాని.

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "దీనికి పార్టు ఎక్కడ దొరుకుతుందండీ?" నేను తిరిగి అడిగేది: ఏ పార్టు? అప్పుడు మోడల్ పేరు చెప్తారు. మోడల్ పేరు చెప్తే పార్టు దొరకదండీ. కొలత చెప్తే దొరుకుతుంది. ఒకే పేరుతో పదిహేనేళ్లు అమ్మిన బార్లున్నాయి. ఆ పదిహేనేళ్లలో లోపలి మోటారు మారింది, గేరు మారింది, డోము, అంటే పైన కప్పే రంగు ప్లాస్టిక్ మూత, దాని అంచు మారింది. పేరు మాత్రం అదే. అందుకే కింద అతికించిన రేకు మీద మోడల్ నంబరు ఒక్కటీ రాసుకుని ఊరుకోకండి. సిరీస్ అక్షరం, వోల్టేజీ కూడా రాసుకోండి. ఇవాళ నేను ఏం చెప్పినా చివరికి ఇక్కడికే తిరిగొస్తాను: ముందు కొలత, తర్వాత కొనుగోలు.

అసలు మీ చేతిలో ఉన్నది ఏ జాతిదో ముందు తెలియాలి. మూడు జాతులున్నాయి. మొదటిది, దీపమే తిరిగేది. ఫెడరల్ సిగ్నల్ కంపెనీ వాళ్ల బీకన్ రే, ట్విన్‌సోనిక్ ఈ కాలానివి. బీకన్ అంటే ఒంటి బుగ్గ. రెండు చివర్లా రెండు డోములు, మధ్యలో సైరన్ స్పీకరు ఉంటుంది చూడండి, అది ట్విన్‌సోనిక్. వీటిలో సీల్డ్ బీమ్ దీపాలు, అంటే ఫిలమెంటు, అద్దం, గాజు ఒకే ముక్కగా మూసేసినవి, ఒక పళ్లెం మీద కూర్చుని గుండ్రంగా తిరుగుతాయి. దీపం తిరుగుతోందంటే దానికి కరెంటు ఎలా వెళ్తుంది? తిరిగే రింగు మీద ఆనుకుని ఉండే కార్బన్ బ్రష్షు ద్వారా. రెండో జాతిలో దీపం కదలదు, దాని చుట్టూ అద్దం తిరుగుతుంది. కోడ్ 3 కంపెనీ ఎంఎక్స్7000 అలాంటిది. హాలోజన్ బల్బు మధ్యలో నిలబడి ఉంటుంది, రిఫ్లెక్టరు తిరుగుతుంది. ఇక్కడ రింగూ లేదు, దాని బ్రష్షూ లేదు, సగం తలనొప్పి లేదు. మూడోది స్ట్రోబ్. వీలెన్ వాళ్ల ఎడ్జ్ బార్ల లాంటివి. అందులో తిరిగేదేమీ ఉండదు, జెనాన్ గొట్టం తటాల్న మెరుస్తుంది. దాని సంగతి చివర్లో, ఎందుకంటే అది కొంచెం ప్రాణాలతో పని.

బార్ ఇంటికి రాగానే ఏం చేస్తాం? చెయ్యకూడని పని చేస్తాం. కారు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి తిరుగుతుందేమో చూస్తాం. వద్దు. కారు బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. లోపల ఎక్కడన్నా వైరు ఒలిచిపోయి ఉంటే పొగ వచ్చాకే తెలుస్తుంది. కరెంటు పరిమితి పెట్టుకునే బెంచ్ సప్లై ఉంటే మంచిదే. లేదా? మన మెకానిక్కుల పాత పద్ధతి ఉంది. పాజిటివ్ వైరులో వరసగా 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైటు బల్బు ఒకటి పెట్టండి. లోపల షార్టుంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, అంతకుమించి నష్టం లేదు. షార్టు లేకపోతే మోటారు నెమ్మదిగా కదులుతుంది. ఒక్కో వైరూ విడివిడిగా ఇలా చూసి, చీటీ కట్టి, ఫొటో తీసి, అప్పుడు విప్పండి. వైరు రంగు చూసి ఇది ఫలానాది అనుకోకండి. నలభై ఏళ్లలో ఎన్ని గ్యారేజీలు తిరిగిందో, ఎవరు ఏ రంగు వైరు అతికించారో!

ఇక అసలు రోగం. పాత బార్లలో నేను ముందు చూసేది మోటారు కాదు, బల్బు కాదు. ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి.

ఈ బోల్టు చూడండి, కెమెరా ముందు పెడుతున్నాను. కింద అల్యూమినియం పళ్లెం. దాని మీద రాగి రింగు టెర్మినల్. పైన స్టెయిన్‌లెస్ స్క్రూ. మూడు వేర్వేరు లోహాలు, వాటి మధ్య ఏళ్ల తరబడి వాన నీళ్లు. రింగు కింద తెల్లటి పొడి కనిపిస్తోందా, ముగ్గుపిండిలాగా? అది అల్యూమినియం తిన్న మచ్చ. ఆ పొడి గుండా కరెంటు పారదు. అప్పుడేమవుతుంది? మోటారు మందంగా తిరుగుతుంది. దీపం గుడ్డిగా వెలుగుతుంది. ఇంకా తమాషా ఏమిటంటే, తిరిగే దీపాల స్విచ్ వేస్తే అసలు వెయ్యని పక్క లైటు మసగ్గా వెలుగుతుంది. దయ్యం పట్టింది అనుకుంటారు. దయ్యం లేదు. కరెంటుకి ఇంటికి వెళ్లే దారి మూసుకుపోయి, పక్కవాళ్ల పెరట్లోంచి, అంటే ఆ పక్క లైటు ఫిలమెంటులోంచి వెళ్తోంది. అంతే.

ఎలా పట్టుకోవాలి? మల్టీమీటరు 2 వోల్టుల డీసీ స్థాయిలో పెట్టండి. నల్లది బ్యాటరీ మైనస్ మీద. ఎర్రది బార్ పళ్లెం మీద, శుభ్రంగా గీకిన చోట. లైట్లన్నీ వెయ్యండి. లైట్లు వెయ్యకుండా కొలిస్తే ఏమీ తెలీదు, అది గుర్తుంచుకోండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. అప్పుడు ఎర్రదాన్ని ఒక్కో జాయింటూ దాటించుకుంటూ బ్యాటరీ వైపు రండి. ఎక్కడ అంకె హఠాత్తుగా పడిపోతుందో అక్కడే దొంగ. ఆ చోట మెరిసేదాకా గీకి, తగరపు పూత ఉన్న టెర్మినల్ పెట్టి, పళ్ల వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా ఆపే పేస్టు రాయండి. ఇంకా మంచిది, పళ్లెం మీద ఆధారపడకుండా బార్ లోపలి నుంచి బ్యాటరీ మైనస్ దాకా నేరుగా ఒక వైరు లాగెయ్యండి. "మోటారు పోయింది, కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగేవాళ్లలో చాలామందికి మోటారు పోయి ఉండదు. ఎర్త్ పోయి ఉంటుంది.

సరే, ఎర్త్ బాగుంది, అయినా మూలుగుతోంది. అప్పుడు మోటారు. ముందు గేరు నుంచి విడదీసి మోటారు ఒక్కదాన్నీ తిప్పి చూడండి. ఈ సైజు మోటారు బరువు లేకుండా తిరిగేటప్పుడు 1 ఆంపియరు లోపే తీసుకోవాలి. 2 దాటుతోందంటే లోపల ఎండిన గ్రీజు, బ్రష్షు పొడి చేరాయన్నమాట. పాత గ్రీజు నలభై ఏళ్లకి ఏమవుతుందో తెలుసా? బెల్లప్పాకం ముదిరినట్టు అవుతుంది. దాని మీద డబ్బా స్ప్రే కొట్టి పనయిపోయింది అనుకుంటారు. వారం తిరుగుతుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఆ స్ప్రే కడుగుతుంది గానీ కందెనగా నిలవదు. పాతదంతా తీసెయ్యాల్సిందే. ఇనప భాగాలకి లిథియం గ్రీజు, ప్లాస్టిక్ గేరుకి ప్లాస్టిక్‌ని తినని సింథటిక్ గ్రీజు. కంచు పొడితో చేసిన బుష్షులుంటాయి, చూడటానికి గట్టి లోహంలా ఉన్నా స్పాంజిలాగా నూనె పీలుస్తాయి. వాటికి గ్రీజు పెట్టకూడదు. గోరువెచ్చని ఎస్ఏఈ 20 లేదా 30 నూనెలో ఒక గంట నానబెట్టండి. గ్రీజు పెడితే ఆ సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి.

కమ్యూటేటరు, అంటే మోటారు ఇరుసు మీద బ్రష్షులు ఆనే రాగి చుట్టు, నల్లబడితే 1000 నంబరు నీటికాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) తేలిగ్గా తుడవండి. ఎమెరీ గుడ్డ వద్దు, దాని రేణువులు రాగిలో దిగబడి బ్రష్షుని కోసేస్తాయి. రాగి ముక్కల మధ్య గాడుల్లోని మసి తియ్యడానికి చెక్క పుల్ల చాలు.

బ్రష్షులు అరిగిపోతే? ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. సైజు సరిపోయింది కదా అని మిక్సీ బ్రష్షో డ్రిల్లింగ్ మెషిన్ బ్రష్షో అరగదీసి పెడతారు. పడుతుంది, తిరుగుతుంది కూడా. కానీ అది 230 వోల్టుల మోటారు కోసం చేసిన గట్టి కార్బన్. 230లో ఒక వోల్టు పోతే ఎవరికి లెక్క? మీ 12లో ఒకటి, రెండు పోతే మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. తక్కువ వోల్టేజీ మోటారుకి రాగి కలిసిన గ్రాఫైట్ బ్రష్షు కావాలి. విరిచి చూస్తే లోపల రాగి మెరుపు కనిపిస్తుంది. కారు వైపర్ మోటారువి, హీటరు ఫ్యాను మోటారువి, బైకు స్టార్టరువి అలాంటివే. కొంచెం పెద్దది కొని అరగదీయండి. అరగదీసేటప్పుడు వెడల్పు, మందం మాత్రమే. కమ్యూటేటరుకి ఆనే ముఖం వంపు పోగొట్టకండి. విజయవాడ ఆటోనగర్లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే ఇవి కష్టం కాదు.

ఇప్పుడు గేరు. ఈ ఒక్కదాని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి, ఎందుకంటే పార్టు దొరకలేదని బార్ పక్కన పడేసేది ఇక్కడే.

మోటారు ఇరుసు మీద ఇనప వార్మ్ ఉంటుంది, స్క్రూ లాగా. అది ఒక ప్లాస్టిక్ చక్రాన్ని తిప్పుతుంది. ఆ ప్లాస్టిక్ చక్రం ఇరుసు దగ్గర పగులుతుంది, లేదా చలికి గట్టిపడిన గ్రీజు వల్ల పళ్లు ఊడతాయి. కొత్తది కావాలి. ఏం కొలవాలి? మొదట పళ్లు లెక్కపెట్టండి. ఒక పన్ను మీద మార్కరుతో గుర్తు పెట్టి లెక్కపెట్టండి, లేకపోతే 39 నా 40 నా అని మూడుసార్లు తిరుగుతారు. తర్వాత వెర్నియర్‌తో బయటి వ్యాసం. ఇదిగో, ఈ చక్రానికి 40 పళ్లు, బయటి వ్యాసం 33.3 మి.మీ. అమెరికా గేర్లు అంగుళాల లెక్క. పళ్లకి 2 కలిపి, వ్యాసాన్ని అంగుళాల్లోకి మార్చి, దానితో భాగించండి. 42 భాగింపు 1.311. ఎంతొచ్చింది? 32. అంటే ఇది 32 పిచ్ గేరు, అంగుళం వ్యాసానికి 32 పళ్ల లెక్క. అంకె పూర్ణసంఖ్యకి దగ్గరగా వచ్చిందంటే మీ కొలత సరైనదే. 29.6 అని వచ్చిందనుకోండి, పళ్లు తప్పు లెక్కపెట్టారు, లేదా పళ్ల కొనలు అరిగిపోయాయి. ఒక్క మాట, వార్మ్ చక్రాల్లో కొన్నిటికి పన్ను మధ్యలో వంపుగా తవ్వి ఉంటుంది. వాటికి అంచు మీద కాదు, వంపు అట్టడుగున కొలవాలి.

మన దగ్గర దొరికేవి మాడ్యూల్ లెక్కన, అంటే ఒక్కో పన్నుకి వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు అనే లెక్కన చేసినవి. 25.4 ని 32 తో భాగిస్తే 0.794. బజార్లో 0.8 మాడ్యూల్ ఉంటుంది. పెట్టెయ్యొచ్చా? వార్మ్ మీద ఒకేసారి ఆనేది రెండు మూడు పళ్లే కాబట్టి తిరుగుతుంది, కొంచెం చప్పుడు చేస్తుంది. కానీ 24 పిచ్‌కి 1 మాడ్యూల్ పెడతానంటే కుదరదు. దాని అసలు లెక్క 1.058. తేడా ఎక్కువ, పళ్లు కొరుక్కుంటాయి. ఇంకొకటి చూడాలి: పళ్లు ఎటు వాలి ఉన్నాయి. కుడివాటమా, ఎడమవాటమా. చక్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి పక్కనుంచి చూడండి, పళ్లు పైకి వెళ్తూ కుడికి వాలితే కుడివాటం. వాటం తప్పితే అస్సలు కలవదు. 

త్రీడీ ప్రింటు చేయించుకోవచ్చు కదా అంటారు. చేయించుకోండి, కానీ దేనితో? ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. డోము లోపల సీల్డ్ బీమ్ పక్కన, ఎండలో! అరగంట కూడా నిలవదు. నైలాన్‌తో పొడి పద్ధతిలో ప్రింటు చేయించండి, లేదా ఎసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీలో కోయించండి. వార్మ్ అరిగితే అది ఇనుము కాబట్టి ఏ లేతు షాపయినా చేసిస్తుంది.

వేగం సంగతి కూడా ఇక్కడే. వేరే బార్ నుంచి తీసిన మోటారు సరిగ్గా కూర్చుంది, కానీ వార్మ్ రెండు మొదళ్లదైతే, అంటే దాని మీద రెండు మరలు పక్కపక్కనే చుట్టి ఉంటే, దీపం రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఒక పళ్లెం మీద వీపులు ఆనించి రెండు దీపాలుంటే ఒక చుట్టుకి రెండు మెరుపులు, నాలుగుంటే నాలుగు. ఫోనులో స్లో మోషన్ తీసి నిమిషానికి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి. అమెరికాలో ఎస్ఏఈ జె845 ప్రమాణం సెకనుకి 1 నుంచి 4 మెరుపుల మధ్య ఉండాలంటుంది. రెండు డోములూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగాలని పట్టుబట్టకండి. అసలువీ అలా తిరగలేదు. కొంచెం ముందూ వెనకా కావడమే వాటి అందం.

దీపాలకి వద్దాం. సీల్డ్ బీమ్ మీద పార్-36 అని ఉంటుంది. ఆ 36 ఏమిటి? అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్క. 36 ని 8 తో భాగిస్తే నాలుగున్నర అంగుళాల వ్యాసం. పార్-46 అయితే ఐదూ ముప్పాతిక. ఎక్కువగా వాడిన దీపం నంబరు 4416: 12.8 వోల్టులు, 30 వాట్లు, సన్నటి కిరణం. పాత 6 వోల్టుల బండి బీకన్ అయితే 4515. రెండూ ఒకే సైజు, ఒకే స్క్రూ టెర్మినళ్లు. మార్చి పెడితే? 6 వోల్టుల దీపం 12కి ఒక్క క్షణం బ్రహ్మాండంగా వెలిగి ఆరిపోతుంది. అదే సైజులో 4411 ఉంది, ట్రాక్టరు దీపం. దాని కిరణం పరుచుకుని ఉంటుంది, తిప్పితే మెరుపులా ఉండదు, ఎవరో టార్చి ఊపినట్టుంటుంది. 4509 ఉంది, విమానం దిగేటప్పటి దీపం, 100 వాట్లు. చాలా బాగుంటుందని పెడతారు. బ్రష్షు, రింగు మూడింతలు పైన కరెంటు మోయాలి, డోము వేడెక్కి మెత్తబడుతుంది, దీపం ఆయుష్షు పాతిక గంటలు. మీకెందుకా పెళ్లి?

హాలోజన్ బార్లలో చాలావాటికి హెచ్1 బల్బు, 12 వోల్టుల 55 వాట్లు. ఇది ఏ కార్ల దుకాణంలోనైనా ఉంటుంది. గాజుని వేలితో ముట్టుకోకండి, ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి. ఆ తిరిగే రిఫ్లెక్టరుని మాత్రం తుడవకండి. దాని మీద ఉన్నది ఆవిరిగా పట్టించిన అల్యూమినియం పొర, వేలితో రుద్దితే మసిలాగా వచ్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, వాలుగా పెట్టి ఆరనివ్వండి, అంతకుమించి చెయ్యి పెట్టకండి.

ఎల్ఈడీ పెడితే పోలా? ఈ ప్రశ్న ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను. పార్-36 సైజులో ఎల్ఈడీలు వస్తున్నాయి, బరువు తక్కువ, కరెంటు తక్కువ. కానీ ఎర్ర డోము కింద తెల్ల ఎల్ఈడీ పెడితే నిండు ఎరుపు రాదు. మామూలు చల్లని తెల్ల ఎల్ఈడీలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. డోము నీలాన్ని ఆపేస్తుంది, మిగిలిన కాస్తా నీరసంగా బయటికొస్తుంది. ఎర్ర డోముకి ఎర్ర ఎల్ఈడీ, నీలానికి నీలం. ఇంకో చిక్కు, తిరిగే రింగు మీద బ్రష్షు క్షణం ఎగిరితే ఫిలమెంటుకి తెలీదు, ఎల్ఈడీకి తెలుస్తుంది, చిటపటలాడుతుంది. వేడితో పనిచేసే పాత ఫ్లాషర్లు కూడా అంత తక్కువ కరెంటుకి కదలవు. నా అభిప్రాయం అడిగితే, ప్రదర్శనకి పెట్టే బార్‌లో ఫిలమెంటే ఉండాలి. ఆ దీపం పక్కకి తిరిగేటప్పుడు డోము నిండా పాకే కాంతి ఎల్ఈడీలో రాదు.

డోములు. అన్నిటికన్నా ఖరీదైనవి, అన్నిటికన్నా ముందు పాడుచేసేవి. ముందు తెలుసుకోవాల్సింది, మీ డోము ఎక్రిలిక్కా, పాలికార్బనేటా? గోటితో కొట్టి చూడండి. ఎక్రిలిక్ దాదాపు గాజులాగా టక్కుమంటుంది, పాలికార్బనేట్ మొద్దుగా పలుకుతుంది. పగులు అంచు పదునుగా, గాజు పెంకులా ఉంటే ఎక్రిలిక్. ఎందుకు తెలియాలి? స్పిరిట్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనరు ఎక్రిలిక్‌కి తగిలితే వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. పాలికార్బనేట్‌కి స్పిరిట్ పర్వాలేదు గానీ అసిటోన్, బ్రేక్ క్లీనరు, అమ్మోనియా విషం. ఏదో తెలియకపోతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ఒక బొట్టు. దీనికి మించి వద్దు.

గీతలు పోవాలంటే తడి రుద్దుడు. లోతు గీతలుంటే 600 నంబరు నీటికాగితంతో మొదలుపెట్టి 800, 1000, 1500, 2000. ఒక్కో కాగితానికీ దిశ మార్చండి, ముందటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిదానికి వెళ్లండి. నీళ్లు ధారగా పడుతూ ఉండాలి. తర్వాత ప్లాస్టిక్ పాలిష్, చేత్తో. డ్రిల్లుకి బఫ్ తగిలించి గబగబా కొడితే ఒకే చోట వేడెక్కి ప్లాస్టిక్ మసకబారి ముడుచుకుంటుంది, అది ఇక దిద్దలేం. రంగు పోతుందని భయపడకండి, రంగు పైపూత కాదు, ప్లాస్టిక్‌లోనే కలిపి పోసింది. కానీ ఎండకి వెలిసిన ఎరుపు నారింజగా మారితే, అది రుద్దినా తిరిగి రాదు. అలాగే చీలికల వల అడుగు దాకా దిగితే రుద్దడం వృథా. కొనే ముందు డోముని విప్పించి, లోపలి నుంచి దీపం పెట్టి ఫొటో అడగండి. బయటి ఫొటోలో వెలిసింది తెలీదు. పార్శిల్లో రెండు సగాలు వేర్వేరు రంగు రావడం ఆ ఫొటో అడగని ఫలితమే.

పగులు పాకకుండా ఆపాలంటే దాని చివర కచ్చితంగా 2 మి.మీ. రంధ్రం వెయ్యండి. తర్వాతే అతుకు.

ఇప్పుడు చెప్పేది రాసుకోండి. డోము స్క్రూలు ఊడిపోతున్నాయని మరలకి లాక్ చేసే జిగురు వేస్తారు. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టే. ఆ జిగురు పాలికార్బనేట్‌ని, ఎక్రిలిక్‌ని రెండిటినీ తింటుంది. కొన్ని రోజుల్లో ప్రతి స్క్రూ చుట్టూ నక్షత్రంలా పగుళ్లు. దానికి బదులు నైలాన్ ఇన్సర్టు ఉన్న నట్టు, స్క్రూ తల కింద నైలాన్ వాషరు, చేత్తో బిగించి పావు చుట్టు. సిలికాన్ పెట్టాల్సి వస్తే పుల్లటి వెనిగర్ వాసన వచ్చేది వద్దు, ఆ ఆమ్లం రాగిని, అద్దం వెనక పూతని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం తీసుకోండి. అసలు చుట్టూ సిలికాన్ పూసి మూసెయ్యడమే తప్పు. గ్యాస్కెట్టుకి సన్నటి మూసిన గడుల ఈపీడీఎం రబ్బరు పట్టీ చాలు. అడుగున చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, నీళ్లు లోపలికొస్తున్నాయని వాటిని మూస్తారు. అవి నీళ్లు పోవడానికి పెట్టినవి! మూస్తే బార్ చేపల తొట్టి అవుతుంది.

ఇండియాలో ఉన్నవాళ్లకి స్క్రూల మాట ఒకటి. ఇవి అంగుళాల మరలు. 10-32 అంటే 10 నంబరు సైజు, అంగుళానికి 32 మర చుట్లు. దాని వ్యాసం 4.83 మి.మీ., మర పిచ్, అంటే చుట్టుకీ చుట్టుకీ దూరం, 0.794. మన ఎం5 ది 5, 0.8. పిచ్ దాదాపు ఒకటే కదా, అందుకే మొదటి రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది. మూడో చుట్టుకి బిగుసుకుంటుంది. ఇంకాస్త బలం పెడతారు, అల్యూమినియంలోని మర మొత్తం పొడై వచ్చేస్తుంది. 8-32 లో ఎం4 పెడితే అటు వదులు. గుప్పెడు 8-32, 10-32, 1/4-20 స్టెయిన్‌లెస్ స్క్రూలు ముందే తెప్పించి పెట్టుకోండి. డోము కన్నా ముందు ఇవి కొనండి.

వైర్లు. లెక్క చేస్తే భయం పోతుంది. నాలుగు 4416 లు, ఒక్కోటి 2.3 ఆంపియర్లు, మోటార్లతో కలిపి 12 లోపు. 4 చదరపు మి.మీ. వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అదే ఎనిమిది హెచ్1 బల్బుల బార్ అయితే మోటార్లతో కలిపి 40 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి పైకప్పుకి, మళ్లీ వెనక్కి కలిపి 9 మీటర్ల వైరనుకోండి. 6 చదరపు మి.మీ. వైరులో ఒక వోల్టు పైన పోతుంది. ఒక్క వోల్టే కదా? ఫిలమెంటు వెలుగు వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది. 13.5 లో ఒక వోల్టు పోతే వెలుగులో నాలుగో వంతు పోయినట్టే. 10 చదరపు మి.మీ. వైరు వెయ్యండి, రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చులు, బార్‌కి దగ్గర్లో పెట్టండి, డ్యాష్‌బోర్డు స్విచ్చులోంచి ఈ కరెంటు పంపకండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. పైకప్పు దగ్గర పెట్టిన ఫ్యూజు దాని ముందున్న నాలుగు మీటర్ల వైరుని కాపాడదు. మన లారీ ఛాసిస్ ఫైరింజన్ల మీద పెట్టాలనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, అవి 24 వోల్టులు. 24 నుంచి 12 చేసే కన్వర్టరు కావాలి, అదీ పూర్తి కరెంటు మోసేది.

స్ట్రోబ్ మాట త్వరగా చెప్తాను. గొట్టానికి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాలో కెపాసిటర్లు వందల వోల్టులు పట్టి ఉంచుతాయి, బ్యాటరీ తీసేశాక కూడా. 10 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరుకి ఇన్సులేషను ఉన్న క్లిప్పులు కట్టి పది సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవరుతో షార్టు చెయ్యడం మగతనం కాదు, కెపాసిటర్ కాళ్లు కాలిపోతాయి. ఏళ్లుగా మూలనున్న సప్లైకి ఒక్కసారిగా 12 వోల్టులు ఇవ్వకండి, 9 వోల్టుల దగ్గర పది పదిహేను నిమిషాలు నడిపితే కెపాసిటర్లు కోలుకుంటాయి. గొట్టం కొనలు నల్లబడితే గొట్టం మార్చాలి. మూడు వైర్ల వరస కంపెనీ కంపెనీకి మారుతుంది, ప్లగ్గు పట్టింది కదా అని గుచ్చకండి.

మరి పార్టులు ఎక్కడ వెతకాలి? అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక సలహా, బార్ పార్టు కోసం బార్ వెతకొద్దు. కంపెనీలు ఒకే మోటారుని, ఒకే దీపం గిన్నెని ఒంటి బీకన్లలో కూడా వాడేవి. డోము పగిలిన ఒంటి బీకన్ని ఎవరూ కొనరు, చౌకగా వస్తుంది, మీకు కావాల్సింది దాని పొట్టలో ఉంటుంది. మోటారు ఫొటో స్కేలు పక్కన పెట్టి అడగండి: ఇరుసు వ్యాసం, బిగించే రంధ్రాల మధ్య దూరం, వార్మ్ వాటం. ఈ మూడూ కలిస్తే కొనండి. కాలిఫోర్నియా నుంచి వచ్చిన బార్ అయితే ముందు వైపు తిరగని ఎర్ర దీపం ఒకటి ఉంటుంది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం అత్యవసర వాహనానికి 1,000 అడుగుల దూరం నుంచి కనిపించే నిలకడ ఎర్ర దీపం ముందు ఉండాలి. అది ఎవరో తర్వాత తగిలించింది అనుకుని పీకెయ్యకండి, దాని బ్రాకెట్టు విడిగా దొరకడం కష్టం. హైదరాబాద్‌లో చిన్న ఎలక్ట్రానిక్ సరుకు, రిలేలు, డయోడ్లు, రేడియోలో గరగర ఆపే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. డోములు, గేర్లు బయటి నుంచి రావాల్సిందే.

చట్టం గురించి ఎవరో చీటీ పంపారు. మన దగ్గర 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది బుగ్గలే తీసేశారు, మీకూ నాకూ రోడ్డు మీద వెలిగించే హక్కు ఎక్కడిది? అమెరికాలో రాష్ట్రానికో నియమం. రోడ్డెక్కితే నల్ల తొడుగు వేసి, ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి, ముందు మీ రాష్ట్రం నియమం చదవండి.

అన్నీ బిగించాక వెంటనే కారెక్కించకండి. బల్ల మీద అరగంట ఆపకుండా నడపండి. పది నిమిషాలకోసారి మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి మూడు సెకన్లు ఆనలేకపోతే ఆపి గేరు దగ్గర బిగువు చూడండి. కరెంటు మొదట్లో ఎంతుందో రాసి పెట్టుకోండి, అరగంటకి తగ్గాలి గానీ పెరగకూడదు. చల్లారాక, వేడిగా ఉండగా కాదు, తోట గొట్టంతో పైనుంచి అయిదు నిమిషాలు నీళ్లు కొట్టి, డోము విప్పి, లోపల టిష్యూ కాగితంతో తడి ఎక్కడుందో చూడండి.

నా మాట ఇంతటితో సరి. ఆ మూలనున్న పెట్టెలో పగిలిన చక్రాలు ఓ పది ఉన్నాయి, వెర్నియర్లు నాలుగున్నాయి. తలా ఒకటి తీసుకుని ఏ పిచ్చో చెప్పండి. 29.6 వచ్చినవాళ్లు మళ్లీ లెక్కపెట్టండి.